పాత ఫైళ్ళ సంగతి తేల్చకుండా కొత్త విండోస్ తీర్మానం వద్దు: ముద్రణాలయాల సంఘానికి ఒక సభ్యుడి బహిరంగ లేఖ

విజయవాడ,
నవంబరు 2025

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యదర్శికి, కార్యవర్గ సభ్యులకు, డీటీపీ సెంటర్లు, ఆఫ్‌సెట్ ప్రెస్సులు నడుపుతున్న సభ్య మిత్రులకు నమస్కారాలు.

ఈ నెల మొదటి వారంలో సంఘం నుంచి అందిన సర్క్యులర్‌ను రెండుసార్లు చదివాను. విండోస్ 10కు కంపెనీ మద్దతు ఆగిపోయింది కనుక సభ్యులందరూ సంక్రాంతిలోగా విండోస్ 11కు మారాలనీ, మారడానికి వీలులేని పాత సిస్టమ్‌లను ఒకే డీలరుకు ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చి కొత్తవి తీసుకుంటే తలా కొంత తగ్గింపు వస్తుందనీ, వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా ప్రవేశపెడతామనీ అందులో ఉంది. మారవలసిన అవసరం ఉందనడంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే ఇరవై, ఇరవై అయిదేళ్ళుగా మనం పేజ్‌మేకర్‌లో, అంటే పుస్తకం పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేరులో, కంపోజ్ చేసి దాచుకున్న ఫైళ్ళు ఏం కావాలన్న మాట ఆ సర్క్యులర్‌లో ఎక్కడా కనిపించలేదు. మన వృత్తిలో పాత సిస్టమ్‌ను ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వడమంటే ఆ ఫైళ్ళను తెరిచే తాళంచెవిని కూడా ఇచ్చేయడమే. అందుచేత తీర్మానాన్ని ఇప్పుడున్న రూపంలో ఆమోదించవద్దని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇది సభ్యులందరికీ, మనచేత పుస్తకాలు వేయించుకునే రచయితలకు, ప్రచురణకర్తలకు కూడా సంబంధించినది కాబట్టి బహిరంగంగానే రాస్తున్నాను.

ముందుగా అక్టోబరు 14న జరిగిందేమిటో స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తేదీ చుట్టూ చాలా అమ్మకాలు సాగుతున్నాయి. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఆనాటితో ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపింది. సిస్టమ్ మాత్రం ఆగదు. మర్నాడు ఉదయం నా సెంటరులోని విండోస్ 10 సిస్టమ్‌లు రెండూ ఎప్పటిలాగే లేచాయి, ప్రింటరుకు పని పంపాయి. ఇక ముందు బయటపడే లోపాలను మామూలుగా ఎవరూ పూడ్చరు; కాలం గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది; అంతే. ఆఫీస్ 2016, 2019 లకు కూడా అదే రోజున గడువు తీరిన సంగతి సర్క్యులర్‌లో రాలేదు. కస్టమర్లు పంపే వర్డ్ ఫైళ్ళను వాటిలోనే తెరిచేవారికి ఇదీ తెలియాలి.

ఇక్కడ మనలో మనం ఒప్పుకోవలసిన నిజం ఒకటుంది. పని మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందని, ఫాంటు సాఫ్ట్‌వేరు దెబ్బతింటోందని, విండోస్ కాపీ అసలుది కాదని, కారణమేదైతేనేం, మన సెంటర్లలో అప్‌డేట్లను ఏళ్ళ కిందటే ఆపేసుకున్నవారు తక్కువేమీ కాదు. అలాంటి సిస్టమ్‌కు అక్టోబరు 14 ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతటా విరుచుకుపడి, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా కొన్నిటిని స్తంభింపజేసింది. దాని దెబ్బ ఎక్కువగా తగిలింది విండోస్ 7 సిస్టమ్‌లకు. విండోస్ 7కు అప్పటికింకా కంపెనీ మద్దతు ఉంది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, వచ్చింది కూడా. వేసుకోనివారు దెబ్బతిన్నారు. రేపు మనం విండోస్ 11 కొని, అలవాటు ప్రకారం దాని అప్‌డేట్లూ ఆపేసుకుంటే సంఘం చేయించే ఖర్చంతా గోదాట్లో పోసినట్టే. సర్క్యులర్ కొత్త సిస్టమ్ గురించి రెండు పేజీలు రాసి ఈ అలవాటు గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం నాకు వింతగా తోచింది.

ఏ సిస్టమ్ మారగలదన్నది ఎవరికి వారు అరగంటలో తేల్చుకోగలిగినదే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సిస్టమ్ లేచేటప్పుడే తనిఖీ చేసే సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, ఇంటెల్ అయితే చాలావరకు ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసరు కావాలి. టీపీఎం లేదని చూపించే బోర్డుల్లో కొన్నింటిలో అది ఉండి కూడా, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఆపి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని రాసి ఉన్నచోట ఆన్ చేస్తే చాలు. ఆ పని చేసి చూడకుండా ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వడం డబ్బు పారేసుకోవడమే. అర్హత లేని సిస్టమ్‌లో కూడా తనిఖీలను తప్పించి విండోస్ 11 వేసి ఇస్తామనేవారు మన వీధిలోనే ఉన్నారు. అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీని కంపెనీ ఇవ్వదు. పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ పాత ప్రాసెసర్లపై, అంటే మన మూలగదుల్లో ఇంకా తిరుగుతున్న కోర్ 2 డ్యుయో వంటివాటిపై, అది అసలు బూటే కాదు.

కొంతకాలం ఆగుదామనుకునేవారికి పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. ఇంట్లో వాడుకునే సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను సింక్ చేస్తే డబ్బు కట్టకుండానే, లేదా 30 డాలర్లు కడితే, 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు వస్తాయి. సంస్థలకు లెక్క వేరు: ఒక్కో సిస్టమ్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది మళ్ళీ రెట్టింపు. ఇప్పటి మారకం ధరలో మూడేళ్ళకూ కలిపితే 38 వేల రూపాయలకు దగ్గరగా వస్తుంది. ఆ డబ్బుతో ఒక మోస్తరు కొత్త సిస్టమే వస్తుంది కాబట్టి మూడేళ్ళూ కట్టుకుంటూ పోవడం తెలివైన పని కాదు. ఒక్క ఏడాది ఊపిరి పీల్చుకోవడానికి మాత్రం ఆలోచించవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మన సెంటర్లలో దాదాపు ప్రతిచోటా ఒక మూల సిస్టమ్ ఉంటుంది. నా దగ్గరున్నది 2006లో కొన్నది. కుర్చీ వెనక గోడకు ఆనించి ఉంటుంది, క్యాబినెట్ పక్క తలుపు తీసేసి ఉంటుంది, వెనకవైపు పాత ప్రింటర్లు తగిలించే ప్యారలల్ పోర్టుకు తెలుగు లిపి సాఫ్ట్‌వేరు తాలూకు లాక్ (అది ఉంటేనే ఆ సాఫ్ట్‌వేరు నడుస్తుంది) తగిలించి, ఎవరి చెయ్యైనా తగిలి ఊడుతుందేమోనని దానికి బ్రౌన్ టేపు చుట్టి ఉంటుంది. దాన్ని వాడేది నెలకు రెండు మూడుసార్లు. ఏ శతకం రెండో ముద్రణకో, ఏ గుడివారి పాత స్థలపురాణానికో, ఏ కుటుంబమో తాతగారి సంవత్సరీకానికి ఆయన రచనలు మళ్ళీ వేయించుకోవాలనుకున్నప్పుడో దాని దుమ్ము దులుపుతాం. అందులో ఉన్నవి పేజ్‌మేకర్ ఫైళ్ళు, పీ65, పీఎండీ రకాలవి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 చిట్టచివరి పేజ్‌మేకర్ అనీ, 2004లోనే అడోబీ దాని అభివృద్ధిని ఆపేసిందనీ మనకు తెలుసు. తెలిసీ ఇరవై ఏళ్ళకు పైగా అందులోనే పని చేశాం, ఎందుకంటే మన చేతివేళ్ళకు వచ్చిన కీబోర్డు, మన కస్టమర్ల కళ్ళకు నచ్చిన అక్షరం అక్కడే ఉన్నాయి. మనలో ఎక్కువమంది ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, కొందరు శ్రీలిపి ఫాంట్లతో సంసారం చేశాం. దానికి నేనేమీ చింతించడం లేదు. ఆ రోజుల్లో తెలుగు పుస్తకం అంత అందంగా, అంత త్వరగా రావడానికి వేరే దారి లేదు.

ఈ ఫాంట్లలోని తెలుగు, కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదన్నదే చిక్కు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలో తలకట్టు ఒకచోట, దీర్ఘం ఒకచోట, వత్తులు మరోచోట కూర్చోబెట్టి, ముక్కలు పేర్చి అక్షరాన్ని కంటికి చూపిస్తాయి. ఆ ఫాంటు సిస్టమ్‌లో ఉన్నంతవరకే అది తెలుగు. లేని మరుక్షణం మొత్తం పుస్తకం ఇంగ్లిషు అక్షరాల, కొక్కేల, గీతల కుప్పగా మారిపోతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మద్దతు ఆగినప్పుడు నేనూ ఇప్పటి సర్క్యులర్‌లో ఉన్నంత కంగారే పడ్డాను. సిస్టమ్ చూసే కుర్రాణ్ణి పిలిపించి విండోస్ 7 వేయించాను. అతను జాగ్రత్తపరుడే, డీ డ్రైవ్ మొత్తం బయటి డిస్కులోకి ఎక్కించి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాడు. ఫాంట్లు సీ డ్రైవ్‌లో ఉంటాయన్నది అతనికి గుర్తు లేదు, నాకూ తట్టలేదు. అందులో ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ప్రత్యేకంగా తెచ్చి ఇచ్చిన శీర్షికల ఫాంట్లు, ఇప్పుడు ఎక్కడా దొరకనివి, ఉండేవి. నాలుగు నెలల తరువాత ఒక విశ్రాంత తెలుగు మాస్టారు తన పద్యకావ్యం రెండో ముద్రణకు వచ్చారు. ఫైలు తెరిచాను. ఫాంట్లు దొరకలేదు, వీటికి బదులు ఇవి వాడనా అని అడిగే చిన్న పెట్టె వచ్చింది. దాన్ని మూసేసరికి తెరమీద 212 పేజీల చెత్త. అచ్చు పుస్తకాన్ని ముందు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి కంపోజ్ చేశాం. పదకొండు రోజులు పట్టింది. నష్టం నాదే కనుక డబ్బు అడగలేదు. చూపు మందగించిన మాస్టారు భూతద్దం పట్టుకుని, ఏళ్ళ కిందట దిద్దిన ప్రూఫులనే తిరిగి దిద్దుతూ మా బెంచీమీద కూర్చున్న తీరు మాత్రం నాకింకా కళ్ళముందు ఉంది.

ఈసారి ఇబ్బంది అప్పటికంటే ఎక్కువ. విండోస్ 10 వరకు 32-బిట్ వెర్షన్ ఉండేది. విండోస్ 11 కేవలం 64-బిట్‌లోనే వస్తుంది. 64-బిట్ విండోస్‌లో 16-బిట్ ప్రోగ్రాములు నడవవు. మన బిల్లింగ్‌కు డాస్ కాలం నాటి ప్రోగ్రామును ఇంకా వాడుతున్నవారూ, పాత సీడీల్లోని 16-బిట్ సెటప్ ఫైళ్ళమీద ఆధారపడేవారూ ఇక్కడే ఆగిపోతారు. పాత లేజరు ప్రింటర్లకూ స్కానర్లకూ లాక్‌లకూ 64-బిట్ డ్రైవర్లు ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. డ్రైవరు ఉన్నా, విండోస్ 11లోని మెమరీ ఇంటిగ్రిటీ రక్షణ కొన్ని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. ఆ రక్షణను తీసేసి పని నడుపుకుంటే మారింది భద్రత కోసమేనన్న మాటకు అర్థం ఉండదు. ఇక ప్యారలల్ పోర్టు కొత్త బోర్డుల్లో కనిపించడమే అరుదు. పేజ్‌మేకర్ తరువాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లలో పాత ఫైళ్ళు తెరుచుకుంటాయిలే అని డీలరు చెప్పినట్టు ఒక మిత్రుడు అన్నారు. అది తప్పు. పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలిగినవి సీఎస్6 వరకు వచ్చిన ఇన్‌డిజైన్‌లు మాత్రమే. తరువాతివాటికి ఆ శక్తి లేదు.

అందుచేత సంఘం ముందు ఉండవలసిన ప్రశ్న, విండోస్ 11కు మారాలా వద్దా అని అందరికీ కలిపి ఒకే ప్రశ్నగా ఉండకూడదని నా అభిప్రాయం. సెంటరులో ఏ సిస్టమ్ ఏ పని చేస్తోందో చూసి, ఒక్కొక్కదానికి వేరుగా తేల్చుకోవాలి. కస్టమరు వాట్సాప్‌లో పంపే మ్యాటరు, మెయిల్‌లో వచ్చే ఫొటోలు, పెళ్ళివారి పెన్‌డ్రైవ్‌లు, బ్యాంకు పని, జీఎస్టీ రిటర్నులు నడిచే సిస్టమ్ తప్పకుండా మారాలి, అదీ అసలు విండోస్‌తో, అప్‌డేట్లు నడుస్తూ. దీనికి మాత్రం వాయిదా వద్దు. మూల సిస్టమ్‌ను మార్చకూడదు, అమ్మకూడదు. దాని నెట్ కేబుల్ పీకేయాలి. వై-ఫై ఉంటే తీసేయాలి. బయటి పెన్‌డ్రైవ్ అందులో పెట్టకూడదు. దానికంటూ ఒక పెన్‌డ్రైవ్ కేటాయించి, ఫైలు బయటికి తీసుకెళ్ళడానికే వాడి, తిరిగి వచ్చినప్పుడల్లా కొత్త సిస్టమ్‌లో ఖాళీ చేయాలి. నెట్‌తో, పరాయి డిస్కులతో సంబంధం లేని సిస్టమ్‌కు కంపెనీ మద్దతు ఆగినందువల్ల వచ్చే ప్రమాదం చాలా తక్కువ. దానికి అసలు ప్రమాదం దాని వయసే. పదిహేనేళ్ళు దాటిన హార్డ్‌డిస్కు ఏ రోజైనా టిక్ టిక్‌మని ఆగిపోవచ్చు. కనుక డిస్కు మొత్తాన్ని, ఫాంట్ల ఫోల్డరుతో సహా, ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీసి రెండుచోట్ల దాచుకోవాలి. లాక్ లేనివారు, లేదా యూఎస్‌బీ లాక్ ఉన్నవారు, ఆ ఇమేజ్‌ను వర్చువల్‌బాక్స్ వంటిదాంట్లో పెట్టి కొత్త సిస్టమ్‌లోనే ఒక కిటికీలో పాతదాన్ని నడిపి చూడవచ్చు. ఆ కిటికీకి కూడా నెట్ ఇవ్వకూడదు. ప్యారలల్ పోర్టు లాక్ ఉన్నవారికి అది కష్టమే కాబట్టి వారు పెట్టెనే కాపాడుకోవాలి.

గడువు విషయంలోనూ సర్క్యులర్ రాసినవారు మన పనిని మరచిపోయారనిపించింది. దీపావళి దాటినప్పటినుంచి సంక్రాంతి దాకా క్యాలెండర్లు, డైరీలు, పంచాంగాలు. ఆ తరువాత ముహూర్తాలను బట్టి శుభలేఖలు. ఈ రెండు నెలల్లో ఒక సెంటరు మూడు రోజులు ఆగితే ఆ కస్టమరు పక్క సెంటరుకు వెళతాడు, వచ్చే ఏడాది కూడా అక్కడికే వెళతాడు. సంక్రాంతిలోగా అన్న మాట తీసేసి, నెట్ ఉన్న సిస్టమ్‌లకు మార్చి నెలాఖరు అని పెడితే అందరూ పాటించగలరు. ఈలోగా మెయిల్, వాట్సాప్ కోసం ఒక్క సిస్టమ్‌నైనా ముందుగా మార్చుకుంటే సీజను గడుస్తుంది.

మూల సిస్టమ్‌ను కాపాడుకోవడం శాశ్వత పరిష్కారమని నేననడం లేదు. దాన్ని కాపాడుకునేది అందులోనివాటిని బయటికి తెచ్చుకునే వ్యవధి కోసం. ప్రపంచ భాషల అక్షరాలకు దేని సంకేతం దానికి ఇచ్చే యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ తెలుగుకు చోటుంది. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు మన సిస్టమ్‌లలోకి వచ్చింది. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగ్గా కూర్చుంటోంది. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా దొరికే స్క్రైబస్ 1.6 కూడా తెలుగును చూపగలుగుతోంది, దాని తీరు చేతికి అలవాటు కావడానికి కొంత ఓపిక కావాలి. అందం చాలదన్న పాత ఫిర్యాదుకు మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చాలావరకు జవాబు చెప్పాయి. పుస్తకం లోపలి పేజీలకు, అంటే 11, 12 పాయింట్ల సైజులో, నాకు ఇప్పటికీ పాత అక్షరమే నిండుగా కనిపిస్తుందని దాపరికం లేకుండా చెబుతాను. అయినా కొత్త పుస్తకాన్ని పాత ఫాంటులో మొదలుపెట్టడం నేను రెండేళ్ళ కిందట మానేశాను, ఎందుకంటే ఆ పుస్తకాన్ని రేపు ఎవరైనా ఇ-బుక్ చేయాలన్నా, అందులో ఒక మాట వెతకాలన్నా కుదరదు.

పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చడంలో ఉన్న చాకిరీని తక్కువగా చూడవద్దు. కన్వర్టర్లు దొరుకుతున్నాయి, మీట నొక్కితే పుస్తకం మారిపోతుందని అనుకుంటే పొరపాటే. చాలా పాత ఫాంట్లలో క్రావడి (‘క్ర’లోని ర వత్తు) హల్లుకు ముందు నిలుస్తుంది, యూనికోడ్‌లో హల్లు తరువాత రావాలి. ఆ సర్దుబాటు తప్పినచోట అది పక్క అక్షరానికి అంటుకుంటుంది. మ్యాటరును ఫాంటు సమాచారం లేకుండా ఉత్త టెక్స్ట్‌గా తీస్తే, మధ్యలో వచ్చిన ఇంగ్లిషు మాటలను కూడా కన్వర్టరు తెలుగు ముక్కలనుకుని అర్థంలేని అక్షరాలుగా మారుస్తుంది. పద్యాల్లో అరసున్నలు, బండి ఱలు జాడ లేకుండా పోవడం నేను చూశాను. కనుక మార్చిన ప్రతి పుస్తకానికీ ఒకసారి ప్రూఫు చూడవలసిందే, ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ప్రచురణకర్తలతో కూర్చుని తేల్చుకోవలసిందే. రచయితలకూ ఒక మనవి: మీ పుస్తకం ఫైలు ఏ సెంటరులో ఉందో ఇప్పుడే కనుక్కోండి, పీడీఎఫ్ ఒకటి, యూనికోడ్ ప్రతి ఒకటి అడిగి తీసుకోండి. చాలామంది దగ్గర అచ్చు పుస్తకం తప్ప ఏమీ ఉండదు, ఆ సెంటరు మూతపడితే అడగడానికి మనిషి కూడా ఉండడు.

కార్యవర్గాన్ని నేను కోరేది ఇది. తీర్మానం నుంచి ఎక్స్ఛేంజ్ మాట తొలగించండి. డీలరు తగ్గింపు పాత పెట్టె ఇవ్వకపోయినా వర్తించేలా మాట్లాడండి. గుంపుగా కొంటున్నప్పుడు ఆమాత్రం అడిగే హక్కు మనకుంది. ఆ తగ్గింపులో మిగిలే సొమ్ములో కొంత పెట్టి సంఘం కార్యాలయంలో ఒక సిస్టమ్‌ను పాత ఫైళ్ళు తెరవడానికే ఏర్పాటు చేయండి: పేజ్‌మేకర్, లైసెన్సు ఉన్న ఇన్‌డిజైన్ సీఎస్6 ఎవరి దగ్గరైనా ఉంటే అది, ఒక కన్వర్టరు, సభ్యుల దగ్గర చెల్లాచెదురుగా ఉన్న పాత ఫాంట్లు, లైసెన్సు హద్దుల్లో. మూల సిస్టమ్ ఇప్పటికే చెడిపోయిన సభ్యులు కనీసం తమ సీడీలు పట్టుకుని అక్కడికి రాగలుగుతారు. సమావేశానికి వచ్చేముందు ప్రతి సభ్యుడూ తన సెంటరులో ఎన్ని సిస్టమ్‌లున్నాయి, వాటిలో నెట్ ఉన్నవెన్ని, పాత ఫైళ్ళున్నవెన్ని అన్న లెక్క ఒక కాగితంమీద రాసుకొస్తే, ఎవరికి ఏం కావాలో ఒక్క సాయంత్రంలో తేలుతుంది.

నా కాగితం సిద్ధంగా ఉంది. నా దగ్గరున్నవి నాలుగు సిస్టమ్‌లు. ఒకదానిలో విండోస్ 11 ఇప్పటికే ఉంది, రెండు మార్చిలోగా మారతాయి, నాలుగోది మారదు. ప్యారలల్ పోర్టు లాక్ ఉన్న ఆ నాలుగోదానిలో ఇవాళ్టికీ పీ65 ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి. సంఘం సిస్టమ్ ఏర్పాటయ్యేవరకు ఆదివారాలు మధ్యాహ్నం దాకా దాన్ని సభ్యులకు విడిచిపెడతాను. ఫైలుతోపాటు మీ ఫాంట్ల ఫోల్డరు కూడా సీడీలో రాసుకుని తీసుకురండి. పెన్‌డ్రైవ్ మాత్రం అందులో పెట్టనివ్వను.

ఇట్లు,
భవదీయుడు,
సంఘంలో ఒక డీటీపీ సభ్యుడు